గాలి లెక్క, నీటి లెక్క - ఆ లెక్కలో మనం

(స్త్రీల హక్కుల కార్యకర్తలు, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే స్త్రీలు పాల్గొన్న ఒక శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పర్యావరణం, స్త్రీల హక్కులు అన్న అంశం మీద మాట్లాడమన్నారు. నేను ఆ అంశాన్ని ఒక చదువు వైపు నుంచి చూడాలనుకుంటున్నాను. పర్యావరణ శాస్త్రాన్నీ, అంతర్జాతీయ వ్యవహారాలనూ కలిపి నేర్పే పోస్టుగ్రాడ్యుయేట్ చదువులు ప్రపంచంలో చాలాచోట్ల వచ్చాయి. 'గ్రామాల్లో పొద్దున లేస్తే సారా, కట్నం, కూలి రేట్ల మీద కొట్లాడే మాకు విదేశాల్లో చెప్పే ఈ చదువుతో ఏం పని?' అని మీలో కొందరికి అనిపించొచ్చు. అనిపించడం న్యాయమే. నాకూ మొదట అలాగే అనిపించింది.

పోయిన ఏడాది ఒకమ్మాయి నా దగ్గరికొచ్చింది. ఎం.ఎస్సీ. పర్యావరణ శాస్త్రం పూర్తి చేసింది. తల్లి నాట్ల కూలి, తండ్రి హమాలీ. అమ్మాయికి ఇలాంటి కోర్సులోనే ఒక విదేశీ విశ్వవిద్యాలయంలో సీటు వచ్చింది. "అక్కా, అప్పు చేసి వెళ్ళనా? మా ఇంట్లో అంత డబ్బు చదువుకెందుకు, పెళ్ళికి పెడదామంటున్నారు. ఇంతకీ ఆ చదువు మా ఊరికి పనికొస్తదా?" అని అడిగింది. ఇంట్లోవాళ్ళ మాటకు నా దగ్గర వెంటనే జవాబుంది. ఇరవై ఏళ్ళుగా మనమందరం చెబుతున్న జవాబే అది. రెండో ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఈ ప్రసంగం ఆ ప్రశ్న కోసం నేను చేసుకున్న ఆలోచన.

ముందుగా నా తప్పొకటి చెబుతాను. 2008లో, నేను పిహెచ్.డి. చేస్తున్న రోజుల్లో, బయటి దేశం నుంచి వచ్చిన ఒక బృందానికి దుబాసీగా పటాన్‌చెరు దగ్గరి ఒక ఊరికి వెళ్ళాను. చెట్టు కింద ఇరవై మంది ఆడవాళ్ళు కూర్చున్నారు. ఒకామె లేచి, "బోరు నీళ్ళు పడితే చేతులు మండుతయి. వానొచ్చిన రాత్రి వాగు రంగే మారుతది. తెల్లారి పశువులు మూతి గూడ పెట్టయి" అంది. నేను దాన్ని ఇంగ్లీషులో ఒక్క వాక్యం చేశాను: నీళ్ళు కలుషితమయ్యాయని స్త్రీలు అంటున్నారు. ఆ బృందంవాళ్ళు కూడా ఒక్క వాక్యం రాసుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు జీపులో మాతో ఉన్న ఒక రసాయనశాస్త్ర విద్యార్థికి మాటల్లో ఆమె అన్నది అన్నట్టు చెప్పాను. అతను తల పట్టుకున్నాడు. "వానొచ్చిన రాత్రి అంది కదా మేడం! వాగు పొంగినప్పుడు వదిలితే ఎవరికీ తెలియదని వదులుతున్నారేమో. మేం ఎండాకాలం పట్టపగలు వచ్చి సీసాల్లో నీళ్ళు పట్టుకుపోతున్నాం. ఆ మాట ముందే తెలిస్తే నమూనా తీసే రోజే మార్చుకునేవాళ్ళం" అన్నాడు.

ఆమె చెప్పింది ఫిర్యాదు మాత్రమే కాదు, సాక్ష్యం. ఎప్పుడు, ఎక్కడ, ఏ గుర్తుతో అన్నదంతా ఆ మాటల్లో ఉంది. స్త్రీల గొంతు వినిపించాలని థీసిస్ రాస్తున్న నేనే ఆ సాక్ష్యాన్ని పారేశాను. నాకు సమాజశాస్త్రం తెలుసు, నీటి శాస్త్రం తెలియదు. ఆ కుర్రవాడికి రసాయనశాస్త్రం తెలుసు, ఆ ఆడవాళ్ళతో కూర్చుని మాట్లాడటం తెలియదు. వచ్చిన బృందానికి ఏ దేశంలో ఏ వేదిక మీద మాట్లాడాలో తెలుసు, మిగతా రెండూ తెలియవు. ఒకే నిజం మూడు ముక్కలై ముగ్గురి చేతుల్లో ఉండిపోయింది.

ఈ ముక్కలను కలపాలన్న అవసరం నుంచే నేను చెబుతున్న చదువు పుట్టింది. 1972లో స్టాక్‌హోంలో మానవ పర్యావరణం మీద ఐక్యరాజ్యసమితి సమావేశం జరిగింది. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ పొర పలచబడిందని శాస్త్రవేత్తలు ప్రకటించారు. రెండేళ్ళు దాటగానే, 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. ఆ వాయువులు ఏమిటో తెలియనివాడు ఒప్పందం రాయలేడు. మా దేశంలో ఇప్పుడిప్పుడే ఫ్రిజ్‌లు వస్తున్నాయి, ఖర్చెవరు భరిస్తారు అని పేద దేశాలు అడిగితే, శాస్త్రం మాత్రమే తెలిసినవాడు జవాబు చెప్పలేడు. 1990లో లండన్‌లో పేద దేశాల కోసం నిధి ఏర్పాటయ్యాకే భారతదేశం ఆ ఒప్పందంలో చేరింది. అది 1992లో.

ఒక కోర్సు ఎలా ఉంటుందో చూద్దాం. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో అంతర్జాతీయ వ్యవహారాల విభాగమూ, భూమి శాస్త్రాల సంస్థా కలిసి 2002లో పర్యావరణ శాస్త్రం, విధానం అన్న కోర్సును మొదలుపెట్టాయి. దాన్ని పన్నెండు నెలల చదువుగా రూపొందించారు. మొదటి వేసవి అంతా వాతావరణం, నీరు, జీవావరణం, విషపదార్థాలు వంటి శాస్త్ర విషయాలు చెబుతారు. తర్వాత ఆర్థికశాస్త్రం, ప్రభుత్వ విధానం, పాలన. మధ్యలో జట్లుగా కూర్చుని నిజమైన సమస్యనో, చట్టం ముసాయిదానో తీసుకుని, అందులో శాస్త్రం ఎంత, రాజకీయం ఎంత అని విడదీసి చూస్తారు.

మన దేశంలో ఈ రెండూ లేవని కాదు. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో అంతర్జాతీయ అధ్యయనాల విభాగం ఉంది. దాని మూలం 1955 నాటిది. పర్యావరణ శాస్త్రాల విభాగం 1970లలో వచ్చింది. ఒకే ఆవరణలో ఉన్నా దేని డిగ్రీ దానిదే. మన జిల్లా కాలేజీల్లోనైతే చెప్పనక్కర్లేదు. సైన్సు పిల్లలకు రాజకీయం పట్టదు, ఆర్ట్స్ పిల్లలకు సైన్సు అంటే భయం. పదో తరగతి తర్వాత గీసిన గీతను జీవితాంతం ఎవరూ దాటరు. ఆడపిల్లలకైతే ఆ గీత ఇంకా గట్టిగా గీస్తారు.

ఈ గీత వల్ల మనకు ఏం నష్టమో ఒక ఉదాహరణతో చెబుతాను. మీకు బాగా తెలిసిన పొలం నుంచే.

వరిమడిలో నీళ్ళు నిలిస్తే మట్టికి గాలి ఆడదు. గాలి ఆడని బురదలో ఉండే సూక్ష్మజీవులు కుళ్ళిన ఆకు అలములను తిని మీథేన్ అనే వాయువును విడుస్తాయి. అది వరి కాడల గుండానే పైకి వస్తుంది. నూరేళ్ళ లెక్కన చూస్తే బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు ఇరవై ఎనిమిది రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. ఇది శాస్త్రం. ఇందులో అబద్ధం లేదు.

1990లో అమెరికాలోని ఒక పరిశోధనా సంస్థ, వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్, భూమిని వేడెక్కిస్తున్న దేశాల వరుస ప్రకటించింది. అందులో భారతదేశం అయిదో స్థానంలో ఉంది! 1991లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ తరఫున అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ దీనికి జవాబు రాశారు. ధనిక దేశపు కారు పొగనూ, పేద దేశపు వరిమడి గాలినీ ఒకే తక్కెడలో ఎలా తూస్తారని అడిగారు. బతకడానికి వచ్చే వాయువు వేరు, విలాసానికి వచ్చే వాయువు వేరన్నారు. భూమికి ఇంత గాలిని శుభ్రం చేసుకునే శక్తి ఉందంటే, అందులో ప్రతి మనిషికీ సమాన వాటా ఉండాలన్నారు. దీన్ని పర్యావరణ వలసవాదం అన్నారు.

అదే సంవత్సరం ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలకు చెందిన ఎ.పి. మిత్ర నాయకత్వంలో శాస్త్రవేత్తలు మన వరి పొలాల్లోకి దిగారు. పైరు మీద పారదర్శకమైన పెట్టెలు బోర్లించి, లోపలి గాలిని సిరంజితో లాగి కొలిచారు. భారతదేశపు వరి పొలాల నుంచి ఏటా 3 కోట్ల 70 లక్షల టన్నులకు పైగా మీథేన్ వస్తుందని అంతకు ముందు అమెరికా ప్రభుత్వ సంస్థ అంచనా వేసింది. మనవాళ్ళు కొలిస్తే వచ్చింది సుమారు 40 లక్షల టన్నులు. తొమ్మిదో వంతు! ఎక్కడో చల్లటి దేశాల్లో, వేరే రకం నేలల్లో కొలిచిన అంకెలను మన నేలకు అంటగట్టినందువల్ల వచ్చిన తేడా ఇది. అంతర్జాతీయ చర్చల్లో మన దేశం నిలబడింది ఈ అంకె మీదే. కొలవడం వచ్చిన వాళ్ళకే మాట చెల్లుతుందని ఇక్కడ మనం నేర్చుకోవాలి.

ఇంతవరకు ఇది దేశం గెలిచిన కథ. ఇప్పుడు స్త్రీలుగా మన ప్రశ్న వేద్దాం. ఆ వరిమడిలో నడుం వంచి నిలబడిందెవరు? నారు పీకిందెవరు, నాటు వేసిందెవరు, కలుపు తీసిందెవరు? ఇరుపక్కల కాగితాల్లోనూ ఎకరాలున్నాయి, టన్నులున్నాయి, దేశాలున్నాయి. ఆమె లేదు. ధనిక దేశాల లెక్కలో లేదు, దాన్ని ఎదిరించిన మన లెక్కలోనూ లేదు.

లేకపోతే ఏమవుతుందో ఇప్పుడు కనబడుతోంది. మీథేన్ తగ్గించడానికి రెండు దారులు చెబుతున్నారు. ఒకటి, మడిలో ఎప్పుడూ నీరు నిలపకుండా, తడిపి ఆరబెట్టి, మళ్ళీ తడిపే పద్ధతి. దీనివల్ల మీథేన్ మూడో వంతు దాకా, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ తగ్గుతుంది. నీళ్ళూ మిగులుతాయి. మంచిదే. కానీ మడిలో నీరు నిలబెట్టేది కలుపు అణచడానికి కూడా. నీరు తీసేస్తే కలుపు లేస్తుంది. తీసేది ఆడవాళ్ళు. తీయించకపోతే మందు కొడతారు. ఆ మందు కొట్టిన మడిలోకి దిగేదీ ఆడవాళ్ళే. రెండోది, నాట్లే లేకుండా విత్తనం నేరుగా వెదజల్లే పద్ధతి. రైతుకు ఖర్చు తగ్గుతుంది. కానీ ఏడాదిలో చేతికి నాలుగు డబ్బులు ముట్టే నాట్ల రోజులు కూలి స్త్రీకి పోతాయి. గుత్తలు కట్టి నాట్లు పట్టే ఆడవాళ్ళ జట్లు మీ ఊళ్ళలో ఉన్నాయి. వాళ్ళనడగండి, ఆ ఇరవై ముప్ఫై రోజుల డబ్బు ఇంట్లో దేనికి పోతుందో.

ఇక మీథేన్ తగ్గించినందుకు కార్బన్ క్రెడిట్ల పేరుతో డబ్బులిచ్చే పథకాలు వస్తున్నాయి. ఆ డబ్బు ఎవరికి? పట్టా ఎవరి పేరున ఉంటే వారికి. కౌలుదారు సంగతే తేలదు, కూలి మాట ఎక్కడ? పాత పని పోగొట్టుకున్న స్త్రీకి, కొత్త కలుపు నెత్తిన పడ్డ స్త్రీకి ఆ ఒప్పంద పత్రంలో ఒక్క గడీ కూడా లేదు. నీళ్ళు ఆరబెట్టొద్దని నేననడం లేదు. భూమి వేడెక్కితే మొదట మాడేది కూడా మడిలో ఉన్న ఆమే. ఆ పత్రం రాసే బల్ల దగ్గర శాస్త్రమూ, ఒప్పంద భాషా, కూలి లెక్కా మూడూ తెలిసిన స్త్రీ ఒక్కతైనా ఉండాలంటున్నాను.

మళ్ళీ పటాన్‌చెరుకు వస్తాను. 2007లో స్వీడన్ పరిశోధకులు ఒక వ్యాసం ప్రచురించారు. పటాన్‌చెరు దగ్గర సుమారు తొంభై మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వదిలే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేల్చారు. మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. ఆ నీటిలో బతికి బట్టకట్టిన సూక్ష్మజీవులకు ఇక ఆ మందు పనిచేయదు. వాటికి పాస్‌పోర్టు అక్కర్లేదు, వీసా అక్కర్లేదు. అందుకే ఆ వార్త ప్రపంచమంతా పాకింది. ఇక్కడ తయారయ్యే చవక మందులు కొనే దేశాల్లో, మనం కొంటున్న మాత్ర ఎవరి వాగును చంపి వచ్చిందన్న చర్చ మొదలైంది.

కానీ ఒక మాట గుర్తుంచుకోండి. నక్కవాగు చచ్చిపోతోందని ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు 1980ల నుంచే చెబుతున్నారు. 1990లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. తర్వాత ఆ నీటిని గొట్టాల ద్వారా అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రం వైపు, అంటే మూసీ వైపు మళ్ళించారు. వాగు మారింది, బాధపడే ఊళ్ళు మారాయి. 2020 జనవరిలో కేంద్ర ప్రభుత్వం మందుల కంపెనీల వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ ఎంతకు మించకూడదో ముసాయిదా ప్రకటించింది. 2021లో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితులు అందులో లేవు. ముసాయిదా వచ్చినప్పుడు అభ్యంతరాలు పంపే గడువుంటుంది. ఆ గడువులో మన సంఘాల నుంచి ఎన్ని ఉత్తరాలు వెళ్ళాయి? నేనూ పంపలేదు. నాకు తెలిసేసరికి గడువు దాటింది. తెలియకపోవడానికి కారణం, అది 'మన' విషయమని నేననుకోకపోవడమే.

ఈ రంగంలో స్త్రీలు అడుగుపెట్టనే లేదని మాత్రం అనుకోకండి. 1991 నవంబరులో మయామీలో 83 దేశాల నుంచి 1500 మంది స్త్రీలు సమావేశమై తమ కార్యాచరణ పత్రం తయారు చేసుకున్నారు. మరుసటి ఏడాది రియో మహాసభకు దాన్ని పట్టుకుపోయారు. రియో ప్రకటనలో ఇరవయ్యో సూత్రం స్త్రీల పాత్ర గురించి చెప్పినా, ఎజెండా 21లో ఇరవై నాలుగో అధ్యాయం మొత్తం స్త్రీల మీద ఉన్నా అది ఆ శ్రమ ఫలితమే. అదే ప్రకటనలోని పదో సూత్రం, పర్యావరణ విషయాల్లో సమాచారం పొందే, నిర్ణయాల్లో పాల్గొనే, న్యాయం అడిగే అవకాశం ప్రజలకు ఉండాలంటుంది. 2001లో మరకేష్‌లో వాతావరణ ఒప్పంద దేశాలు తమ సంఘాల్లో స్త్రీల సంఖ్య పెంచాలని తీర్మానించాయి. భారతదేశం 1993లో ఆమోదించిన సీడా ఒప్పందం కింద, 2018లో వచ్చిన 37వ సాధారణ సిఫార్సు విపత్తులనూ వాతావరణ మార్పునూ నేరుగా స్త్రీల హక్కుల విషయంగా చూసింది. ఈ కాగితాలన్నీ మనవే. వాడుకోవడమే తెలియాలి.

డిగ్రీ లేకుండానే ఈ చదువు చదివిన వాళ్ళు కూడా ఉన్నారు. 1984 డిసెంబరులో భోపాల్ విషవాయువుకు బలైన కుటుంబాల స్త్రీలు రషీదా బీ, చంపాదేవి శుక్లా స్టేషనరీ తయారీలో కూలి చేసుకునేవాళ్ళు. కేసును అమెరికా కోర్టు 1986లో మన దేశానికి తిప్పి పంపింది. 1989లో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిర్చారు. తమను అడగకుండా కుదిర్చిన రాజీ మీద ఆ స్త్రీలు పోరాడుతూనే ఉన్నారు. నేలలో మిగిలిన విషాల పేర్లు నేర్చుకున్నారు, సరిహద్దులు దాటి కంపెనీ ముఖం మీద ప్రశ్నించారు. 2004లో ఆ ఇద్దరికీ గోల్డ్‌మన్ పురస్కారం వచ్చింది. రసాయనశాస్త్రమూ అంతర్జాతీయ న్యాయమూ వాళ్ళు శవాల పక్కన కూర్చుని నేర్చుకున్నారు. అంత మూల్యం చెల్లించి నేర్చుకోవాల్సిన గతి ఇంకెవరికీ పట్టకూడదు.

ఇక ఈ చదువు మీద నా విమర్శ కూడా చెప్పాలి. ఇవి చాలా ఖరీదైన కోర్సులు. అక్కడ చదివి వచ్చే మన పిల్లల్లో ఎక్కువమంది పెద్ద నగరాల, పెద్ద కులాల పిల్లలు. మన ఊళ్ళు వాళ్ళకు 'ఫీల్డు'. ఆరు వారాలు వస్తారు, సర్వే చేస్తారు, వెళ్ళిపోతారు. రాసింది మనకు చేరదు, చేరినా మన భాషలో ఉండదు. దళితులు, సంచార జాతులు, భూమిలేని కూలీల పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వానికి జాతీయ విదేశీ విద్యా పథకం ఉంది. అందులో ముప్ఫై శాతం స్త్రీలకు కేటాయించారు. 2022లో దాని నిబంధనలు మార్చి, భారతదేశపు సంస్కృతి, చరిత్ర, సమాజం మీద పరిశోధన చేసేవాళ్ళకు ఆ డబ్బు ఇవ్వమన్నారు. అంటే నాట్ల కూలి కూతురు విదేశానికి వెళ్ళి గాలిని కొలవొచ్చు, తన తల్లి కూలి మీద, కులం మీద మాత్రం ప్రశ్న వేయకూడదు! శాస్త్రాన్నీ సమాజాన్నీ కలపాలని ప్రపంచం అంటున్నప్పుడు మనవాళ్ళు వాటిని విడదీసే గోడ కట్టారు. దీన్ని విద్యా సమస్యగా కాక హక్కుల సమస్యగా మనం పట్టించుకోవాలి.

మనం చేయగలిగినవి నాలుగు మాటల్లో చెబుతాను. మొదటిది, సంఘంలో ఒక నోటుపుస్తకం పెట్టండి. నీళ్ళ రంగు, వాసన, ఏ రోజు, ఏ వేళ, వాన ఉందా లేదా, ఎవరికి ఏం జబ్బు చేసింది అన్నీ ఆడవాళ్ళు చెప్పింది చెప్పినట్టు, వాళ్ళ మాటల్లోనే రాయండి. నాలాగా ఒక్క వాక్యం చేయకండి. రెండోది, మీ ఊరికి ఏ పరిశోధకులొచ్చినా, ఫలితాలు తెలుగులో తెచ్చి సంఘం ముందు చదువుతామని ముందే రాయించుకోండి. మూడోది, కాలుష్య నియంత్రణ మండలి పరీక్షల కాగితాలు 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. రెండుసార్లు అడిగితే చదవడం అదే వస్తుంది. నాలుగోది, మీ ప్రాంతంలో కార్బన్ పథకమో, కొత్త సాగు పద్ధతో వస్తే, స్త్రీల పనిదినాలు ఎన్ని పోతాయి, ఎన్ని పెరుగుతాయి అన్న ప్రశ్న గ్రామసభలో వేయండి. జవాబు లేకపోతే, లేదని తీర్మానంలో రాయించండి.

చివరగా ఆ అమ్మాయి సంగతి. నేను వాళ్ళ ఊరు వెళ్ళాను. తల్లి నాట్ల నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. వరి మడిలో నుంచి వచ్చే గాలి గురించి, దాన్ని దేశాలు లెక్క కట్టడం గురించి నాకు చేతనైనంతలో చెప్పాను. ఆమె విని, "గింత పొలంల నేను ముప్పై ఏండ్లు వంగిన. గాలిని లెక్క కట్టిన్రు గని నన్నెవరన్న లెక్క కట్టిన్రా?" అంది. తర్వాత కూతురు వైపు తిరిగి, "పొయ్యి నేర్సుకోని రా. నా లెక్క గూడ రాయి" అంది.

అమ్మాయి వెళ్ళలేదు ఇంకా. అప్పు కాగితాలు బ్యాంకులో ఉన్నాయి, సీటు ఒక ఏడాది వాయిదా వేయించుకుంది. పెళ్ళి మాట ఇంట్లో ఇంకా సద్దుమణగలేదు. ఈ ఏడాదంతా మా జట్టుతో కలిసి, తల్లి పనిచేసే మడుల్లో నాట్ల పనిదినాల లెక్క రాస్తోంది. ఆ చదువు ఊరికి పనికొస్తుందా అని ఆమె నన్నడిగింది. ఊరి లెక్క చేతిలో పట్టుకుని వెళ్ళేవాళ్ళుంటే పనికొస్తుందని నేనిప్పుడు అనుకుంటున్నాను. అలా వెళ్ళేవాళ్ళను తయారు చేయడం, వాళ్ళ వెనక నిలబడటం మన సంఘాల పని.

సెలవు.